పొడి షాంపేన్

“చెప్పండి, మీ నాలుకకు ఏమి తోచింది?” అని ఆమె అడిగారు.

నేను తడబడ్డాను. అది 2023 నవంబరు నెల. ఫ్రాన్సు దేశానికి ఈశాన్యాన షాంపేన్ అనే సీమ, అందులో మార్న్ నది ఒడ్డున ఒక చిన్న గ్రామం. ఆ గ్రామంలో ఒక ద్రాక్షరైతు ఇంటి కింద, సుద్దరాతిలో తొలిచిన నేలమాళిగలో నిలబడి ఉన్నాము. బయట సన్నని వాన కురుస్తున్నది. లోపల వేసవికీ శీతకాలానికీ మారని చలి. గోడకు వేలాడదీసిన ఉష్ణమాపకం పదకొండు డిగ్రీలు చూపుతున్నది. నా చేతిలోని గ్లాసులో లేత బంగారు రంగు వైన్. దాని అడుగు నుండి సన్నని దారం తీసినట్లు బుడగలు పైకి లేస్తున్నవి. ఒక గుక్క నోటిలోనికి తీసుకున్నాను. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, ఇరవై ఏళ్లుగా ఇతరుల మాటలను తెలుగులోకి తెచ్చి బ్రతుకుతున్నవాణ్ణి. ఆ క్షణాన నాకు ఒక్క మాట తప్ప మరేదీ దొరకలేదు. ఆ ఒక్క మాటా పైకి చెప్పడానికి సిగ్గు వేసింది.

ఆ సిగ్గుకు ఒక కథ ఉన్నది. అనువాదకుడిగా నా మొదటి నవలలో, విందుకు వచ్చిన దొరగారు ‘డ్రై షాంపేన్’ తెమ్మని నౌకరును ఆజ్ఞాపించే ఘట్టం ఒకటి వచ్చింది. నిఘంటువు తిరగవేసి ‘పొడి షాంపేన్’ అని రాశాను. సంపాదకుడు దిద్దలేదు. పుస్తకం అచ్చయింది. మూడు నెలల తరువాత విశ్రాంత ఉపాధ్యాయుడొకరు నాకు కార్డు రాశారు: “అయ్యా, ఈ పొడిని నీళ్లలో కలుపుకొని త్రాగవలెనా, లేక నాలుకపై వేసుకొని చప్పరించవలెనా? దయచేసి తెలుపగలరు.” ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నది.

నేను మద్యప్రియుణ్ణి కాను. అనువాదకుల సమావేశం ఒకదాని కోసం రాంస్ నగరానికి వెళ్లినప్పుడు రెండు రోజులు ఖాళీ దొరికింది. పెద్ద పెద్ద సంస్థల నేలమాళిగలు చూడడానికి టిక్కెట్లు అమ్ముతారు. అక్కడకు పోకుండా, మిత్రులొకరి పరిచయంతో ఈ రైతు ఇంటికి వచ్చాను. ఏడున్నర ఎకరాల తోట, సొంత గానుగ, సొంత నేలమాళిగ. రసాయనిక మందులు వాడని సేంద్రియ వ్యవసాయం. యజమానురాలికి యాభై ఏళ్లు దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతారు.

ఈ పానీయాన్ని తెలుగులో ఏమనాలన్నది మరొక చిక్కు. మన బైబిలు అనువాదకులు ‘ద్రాక్షారసము’ అన్నారు. అది పులియని రసానికీ, పులిసిన మధువుకూ ఒకే మాటగా నిలిచిపోయింది. నేను లోకవ్యవహారంలోని ‘వైన్’ అన్న మాటతోనే సరిపెట్టుకుంటాను. బుడగల సంగతి చెప్పడానికి మాత్రం మనకు మంచి ఉపమానం ఉన్నది, గోలీ సోడా. సోడా బండివాడు యంత్రంతో బొగ్గుపులుసు వాయువును నీటిలోకి బలవంతంగా ఎక్కిస్తాడు. చవక రకం బుడగల వైన్లకు నేటికీ అలాగే చేస్తారు. షాంపేన్‌లో ఆ వాయువు బయటి నుండి రాదు. మూత బిగించిన సీసాలో వైన్ రెండవసారి పులిసి, తన వాయువును తానే పుట్టించుకుంటుంది.

మన ఇళ్లలో పిండి పులుస్తుంది, తాటిచెట్టు మీద లొట్టిలో కల్లు పులుస్తుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి తీపిని తిని మద్యాన్నీ వాయువునూ విడుస్తుంది. మొదటిసారి పెద్ద తొట్లలోనో కొయ్య పీపాలలోనో పులిసినప్పుడు ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది. వసంతకాలంలో ఆ వైన్‌ను సీసాలకు ఎత్తి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ చేర్చి గట్టిగా మూత వేస్తారు. ఈసారి వాయువుకు తప్పించుకునే దారి లేదు. సీసాలో పీడనం వాతావరణ పీడనానికి ఐదారు రెట్లకు చేరుతుంది. కారు టైరులోని గాలికి ఇది రెండు మూడు రెట్లు. ఆకలి తీరిన ఈస్ట్ చచ్చి, మడ్డిగా అడుగున పేరుకుంటుంది. సీసాను పడుకోబెట్టి నెలల తరబడి, ఏళ్ల తరబడి ఆ మడ్డి మీదనే ఉంచుతారు. మామూలు షాంపేన్‌ను సీసాలో నింపిన నాటి నుండి కనీసం 15 నెలలు, ఒకే సంవత్సరపు పంట అని పేరు వేసి అమ్మేదాన్ని కనీసం 36 నెలలు నిలవ ఉంచాలని అక్కడి శాసనం. షాంపేన్‌లో వచ్చే కాల్చిన రొట్టె వాసన ఈ మడ్డి చలువే.

ఈ విద్యను కనిపెట్టినవాడు దోమ్ పెరిన్యోన్ అనే క్రైస్తవ సన్యాసి అని లోకంలో ప్రతీతి. 1668 నుండి 1715లో మరణించే వరకు ఆయన దగ్గరలోని ఓవిలేర్ మఠానికి భాండాగారిగా ఉన్నారు. ద్రాక్షలను ఏరడంలోనూ, వేర్వేరు చేల పంటను మేళవించడంలోనూ ఘనుడే. కాని ఆయన బుడగలను దోషంగా ఎంచి, వాటిని నివారించడానికే పాటుపడ్డారు. నక్షత్రాలను తాగుతున్నానని ఆయన కేక వేశారనే కథ 19వ శతాబ్దం చివరలో ఒక వ్యాపార ప్రకటనతో పుట్టింది. వైన్‌లో చక్కెర వేసి బుడగలు పుట్టించే పద్ధతిని 1662 డిసెంబరులోనే లండన్ రాయల్ సొసైటీకి క్రిస్టఫర్ మెరెట్ అనే ఆంగ్లేయుడు నివేదించాడు. బొగ్గు కొలిమిలో కాల్చిన ఆంగ్లేయుల గాజుసీసాలు ఆ పీడనానికి తట్టుకునేటంత గట్టివి. ఈ సంగతి నేను ఎత్తితే ఆమె నవ్వి, “మా గ్రామంలో ఈ మాట గట్టిగా అనకండి” అన్నారు.

ఇక మడ్డిని తీయడం. వైన్ నిర్మలంగా ఉండాలి, వాయువు మాత్రం పోరాదు. భర్త మరణించిన తరువాత ఇరవై ఏడేళ్ల వయసులో వ్యాపారం చేపట్టిన బార్బ్ నికోల్ క్లికో అనే వితంతువు సంస్థలో 1816 ప్రాంతంలో దీనికి ఉపాయం దొరికింది. రెండు పలకలను మడత నిచ్చెనలా నిలబెట్టి, వాటి రంధ్రాలలో సీసాల మెడలు దూర్చి, రోజూ ప్రతి సీసానూ ఒక పిసరు తిప్పుతూ క్రమంగా తలకిందులు చేస్తారు. నెల పైచిలుకు గడిచేసరికి మడ్డి అంతా బిరడా దగ్గరకు దిగుతుంది. ఆరితేరిన పనివాడు రెండు చేతులతో రోజుకు నలభై వేల సీసాలు తిప్పగలడని ప్రతీతి. 1970ల నుండి ఈ పనికి యంత్రాలు వచ్చి, వారం రోజులలో ముగిస్తున్నవి. ఆమె దగ్గర మాత్రం కొయ్య పలకలే ఉన్నవి. అవి ఆమె తండ్రివి. ఆయన తన యౌవనంలో ఎపెర్నే పట్టణంలోని ఒక పెద్ద సంస్థలో సీసాలు తిప్పే పని చేసి, సాయంత్రాలు వచ్చి సొంత చేను చూసుకునేవారట.

“ఇప్పుడు ఆయన తిప్పలేరు” అన్నారామె. కారణం అప్పుడు చెప్పలేదు.

నేలమాళిగ నుండి పైకి వచ్చి తోటలోకి నడిచాము. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లను చిన్నతనంలో చూసినవాణ్ణి. తల ఎత్తి గుత్తులు చూడడం నాకు అలవాటు. ఇక్కడ తీగలు నా నడుము దాటవు. కొండవాలు మీద వరుసలు వరుసలుగా, మోడులుగా నిలబడి ఉన్నవి. పినో న్వార్, మ్యూనియే, షార్డొనే అనే మూడు జాతులు ఈ సీమకు ప్రధానం. వాటిలో మొదటి రెండూ నల్లద్రాక్షలు. తోలు నల్లన, రసం తెల్లన. అందువలన గుత్తులను నలగకుండా చేతితోనే కోయాలి. యంత్రంతో కోయడం నిషిద్ధం. తొక్క రంగు దిగకముందే మెల్లగా పిండాలి. గానుగకు ఒకసారి నాలుగు వేల కిలోల పండు పడుతుంది. దాని నుండి 2,550 లీటర్ల రసానికి మించి తీయరాదు. అంటే సుమారు 3,400 సీసాలు. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకోవలెను, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఆమె వంగి మట్టిలో నుండి ఏదో తీసి నా అరచేతిలో పెట్టారు. గోరంత నీలిరంగు ప్లాస్టిక్ ముక్క. కొన్ని దశాబ్దాల పాటు, 1990ల చివరి వరకు, పారిస్ నగరపు చెత్తను ఎరువుగా ఈ తోటలలో పోశారు. చెత్త సంచులు, గాజు పెంకులు, బ్యాటరీలు అన్నీ అందులోనే. ప్రపంచంలోని మిక్కిలి ఖరీదైన ద్రాక్షభూములలో ఇది ఒకటి. ఇక్కడ హెక్టారు సగటు ధర పది లక్షల యూరోల పైమాటే. అటువంటి నేలపై నగరపు కసువు పోశారంటే నేను వెంటనే నమ్మలేకపోయాను. “ఇరవై ఏళ్లుగా ఏరుతున్నాను, ఇంకా వస్తూనే ఉన్నవి” అన్నారామె.

* * *

షాంపేన్ సీమలో సుమారు 34,000 హెక్టార్ల తోటలున్నవి. వాటిలో పదింట తొమ్మిది వంతులు పదహారు వేల మంది చిన్న రైతులవి. కాని అమ్మకాలలో మూడింట రెండు వంతులకు పైగా పెద్ద సంస్థలవి. రైతు పండు పండిస్తాడు. కిలో ఆరేడు యూరోల చొప్పున సంస్థ కొంటుంది. సీసా మీద సంస్థ పేరు ఉంటుంది. ఇది తరతరాలుగా వస్తున్న ఏర్పాటు.

ఈ ఏర్పాటు ఎప్పుడూ శాంతంగా సాగిందని అనుకోరాదు. 1910లో వానలు, తెగుళ్లు కలిసి ఇక్కడి పంటను దాదాపు పూర్తిగా తుడిచిపెట్టినవి. ఆ కరవులో కొన్ని సంస్థలు దూరప్రాంతాల ద్రాక్షను రైళ్లలో తెప్పించి, దానితో షాంపేన్ చేసి అమ్ముతున్నవని రైతులు కనుగొన్నారు. 1911 జనవరిలో దామెరీ, ఓవిలేర్ గ్రామాల వద్ద పీపాలను పగులగొట్టి, మార్న్ నదిలో పారబోశారు. ఏప్రిల్‌లో ఆయీ పట్టణంలో సంస్థల భవనాలు తగులబడ్డవి. ప్రభుత్వం అశ్వికదళాన్ని దించింది. ఏ గ్రామాల పండును షాంపేన్ అని పిలవవచ్చునో గీత గీసిన చట్టాలు ఆ మంటల తరువాతనే, 1919లోనూ 1927లోనూ వచ్చినవి. 1930లలో ఆర్థికమాంద్యం వచ్చి సంస్థలు పండు కొనడం తగ్గించినప్పుడు, కొందరు రైతులు గత్యంతరం లేక తామే వైన్ చేసి, సీసాల మీద తమ పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. ఈమె ముత్తాత వారిలో ఒకరట. నేటికీ షాంపేన్ సీసా చీటీ మీద సన్నని అక్షరాలలో ఒక గుర్తు ఉంటుంది. ‘ఆర్. ఎమ్.’ అని ఉంటే పండించినవారే చేసిన వైన్ అనీ, ‘ఎన్. ఎమ్.’ అని ఉంటే వర్తక సంస్థ పండు కొని చేసినదనీ అర్థం.

సేంద్రియ పద్ధతి ఇక్కడ చాలా కాలం వింతగానే ఉండేది. కుమియేర్ గ్రామపు లావల్ కుటుంబం 1971 నుండి, కూర్తెరోన్ గ్రామపు ఫ్లరీ కుటుంబం 1989 నుండి ఆ దారిన నడిచినవి. ఫ్లరీవారు చంద్రగతిని చూసి సేద్యం చేసే జీవగతిక పద్ధతిని కూడా ఆశ్రయించారు. మా యజమానురాలికి చంద్రునితో పేచీ లేదు, పరిచయమూ లేదు. తండ్రి నుండి తోట చేతికి వచ్చిన కొన్నేళ్లకు ఆమె రసాయనాలు మానారు. ధ్రువీకరణ పత్రం చేతికి రావడానికి మూడేళ్ల మార్పిడి కాలం గడవాలి. ఐతే ‘సేంద్రియ వైన్’ అని సీసా మీద రాసుకోవడానికి ఐరోపా సమాఖ్య నియమాలు 2012లో గాని రాలేదు. అంతవరకు ‘సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్’ అనే రాసుకోవలసి వచ్చేది. నా బోటి మాటల వ్యాపారికి ఆ భేదం ఆసక్తికరమే గాని, కొనేవారికి తెలిసేదా అన్నది అనుమానమే.

సేంద్రియం అనగానే మందులే కొట్టరని మనం అనుకుంటాము. అది పొరపాటు. తడిగా ఉండే ఈ సీమలో ద్రాక్షకు బూజు తెగులు ప్రథమ శత్రువు. 19వ శతాబ్దంలో అమెరికా నుండి వచ్చిన తెగులు అది. దానికి విరుగుడు మన రైతులందరికీ తెలిసిన బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం. దాని పుట్టుక వినోదకరం. ఫ్రాన్సులో బోర్డో నగరం పక్కన రైతులు, బాటసారులు పండ్లు దొంగిలించకుండా దారి వెంట తీగలపై ఈ నీలిరంగు ద్రవం చల్లేవారు. చల్లిన తీగలకు తెగులు సోకకపోవడం మిలార్దే అనే ఆచార్యుడు గమనించి, 1885లో లోకానికి ప్రకటించాడు. సేంద్రియ రైతుకు నేటికీ ఇదే ఆయుధం. అదీ మితంగానే వాడాలి. రాగి మట్టిలో పేరుకొని వానపాములకు చేటు చేస్తుంది కాబట్టి, హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలకు మించరాదు. పైగా అది ఆకు మీద పూతగానే ఉంటుంది. గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. రసాయనిక మందులలో కొన్ని మొక్క లోపలికి ఇంకుతాయి. వాటిని వాన కడగలేదు. భేదమంతా అక్కడున్నది.

2021లో ఆ భేదం ఎంతటిదో తేలింది. ఏప్రిల్‌లో మంచు లేతచిగుళ్లను మాడ్చింది. జూన్, జూలై నెలలు వానలోనే గడిచినవి. బురదవాలు మీదకు ట్రాక్టరు ఎక్కదు. వాన తెరిపి ఇచ్చిన గంటా అరగంటలో ఆమె పిచికారీ డబ్బా వీపున వేసుకొని వరుసల వెంట తిరిగారు. మరునాడు వాన దాన్ని కడిగివేసేది. ఆకుల మీద నూనెమరకలు, కాయల మీద తెల్లబూజు, ఆ తరువాత కాయలు ముడుచుకొని గోధుమరంగుకు తిరగడం. జూలైలో ఒక సాయంత్రం వంటగదిలో ఆమె తండ్రి, “ఒక్కసారి కొట్టు. ఇంకే మందు ఒక్కసారి. పత్రం పోతే పోతుంది, మూడేళ్లకు మళ్లీ తెచ్చుకోవచ్చు. పంట పోతే ఏమి తెచ్చుకుంటావు?” అన్నారట.

అప్పుడు గాని ఆమె తండ్రి చేతుల సంగతి చెప్పలేదు. ఆయనకు పార్కిన్సన్స్ వ్యాధి, అంటే వణుకుడు వాతం. నలభై ఏళ్లు తోటలో ముసుగు కూడా లేకుండా మందులు కొట్టిన మనిషి. ఆ మందుల వలననే వ్యాధి వచ్చిందని ఏ ఒక్క మనిషి విషయంలోనూ వైద్యుడు ప్రమాణం చేసి చెప్పలేడు. కాని పురుగుమందులు వాడిన వ్యవసాయదారులలో ఈ వ్యాధిని వృత్తిజన్య రోగంగా ఫ్రెంచి ప్రభుత్వం 2012లో గుర్తించింది. అటువంటి తండ్రి కూతురిని మందు కొట్టమన్నారు. 1910లో పంట పోయినప్పుడు ఇంట్లో ఏమి తిన్నారో ఆయన తన తాతగారి నోట విన్నారు. ఆయన భయం ఆ ఏటిది.

ఆమె కొట్టలేదు.

మామూలు సంవత్సరంలో ఆ ఏడున్నర ఎకరాల పంట గానుగను ఏడుసార్లు నింపుతుంది. 2021 సెప్టెంబరులో ఒక్కసారి నిండింది. పాఠకులు గుర్తుంచుకున్న లెక్క ప్రకారం, ఇరవై నాలుగు వేల సీసాల స్థానంలో 3,400.

“మీరు చేసినది ఒప్పని ఇప్పుడు అనిపిస్తున్నదా?” అని అడిగాను.

ఆమె చాలాసేపు సమాధానం చెప్పలేదు. తరువాత పక్క చేను చూపించారు. “ఆయన కూడా సేంద్రియంలోకి మారుతున్న రైతే. ఆ జూలైలో మందు కొట్టాడు. నేను తప్పు పట్టను. ఆయనకు బ్యాంకు అప్పు ఉన్నది, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. నాకు నిల్వ ఉన్నది. మా ఇద్దరికీ తేడా అంతే.”

నిల్వ అంటే ఏమిటో చెప్పవలసి ఉన్నది. పంట బాగా పండిన ఏడు, అనుమతించిన దిగుబడికి పైన వచ్చిన దానిలో కొంత భాగాన్ని వైన్‌గా చేసి తొట్లలో దాచుకొనే ఏర్పాటు ఈ సీమలో ఉన్నది. చెడ్డ ఏడు ఆ వైన్‌ను బయటకు తీయవచ్చు. మన గాదెల వంటిదే. ఆమె గాదె నిండుగా ఉన్నది కాబట్టి ఆ ఏడు ఆమె నియమం నిలిచింది. సేంద్రియ వస్తువుల చీటీల మీద ఆకుపచ్చని ఆకు బొమ్మ చూసినప్పుడు, ఆ వెనుక ఒక గాదె ఉంటుందని నాకు అంతకుముందు తోచలేదు.

ఆ చీటీ చెప్పని సంగతి మరొకటి కూడా ఉన్నది. నేను వెళ్లడానికి రెండు నెలల ముందు, 2023 సెప్టెంబరు కోతలలో, తీవ్రమైన ఎండలో ఈ సీమలో కోతకూలీలు కొందరు మరణించారు. వలసకూలీలను పశువుల కొట్టాలకన్న హీనమైన చోట్ల ఉంచిన కేసులో 2025 జూలైలో షాలోన్ న్యాయస్థానం ముగ్గురికి శిక్ష విధించింది. సేంద్రియ ముద్ర మట్టిని గూర్చి చెబుతుంది, కూలివాని పడకను గూర్చి చెప్పదు. ఆమె ఇంట్లో ప్రతి కోతకూ అదే కుటుంబాలవారు వస్తారనీ, తన బల్ల దగ్గరనే తింటారనీ ఆమె చెప్పారు. నేను కోతలు చూడలేదు, కాబట్టి ఆమె మాటగానే రాస్తున్నాను.

* * *

మళ్లీ నేలమాళిగలోకి దిగాము. ఇంతకు ముందు రుచి చూసినది నాలుగైదు సంవత్సరాల వైన్‌ల మేళవింపు. ఇప్పుడు ఆమె పలక నుండి తలకిందులుగా ఉన్న ఒక సీసాను, మెడ కిందికే ఉంచి, జాగ్రత్తగా తీశారు. మూత మీద సుద్దతో 21 అని ఉన్నది.

పెద్ద సంస్థలలో సీసా మెడను గడ్డకట్టించే ద్రవంలో ముంచి, మడ్డిని మంచుబిళ్లగా చేసి ఎగరగొడతారు. ఆమె పాత పద్ధతిలో చేతితో చేశారు. సీసాను తొడకు ఆనించి, ఇనుప పనిముట్టు మూతకు తగిలించి, మెడను పైకి లేపుతూ లేపుతూ, లోపలి గాలిబుడగ మడ్డి దగ్గరకు చేరే క్షణంలో మూత లాగారు. ఢామ్మన్నది. మడ్డి, నురుగు ఒక పాత పీపాలోకి ఎగిరిపడ్డవి. ఆమె బొటనవేలు సీసా మూతి మీద ఉన్నది. పోయినది రెండు మూడు చెంచాలు, అంతే.

మామూలుగా ఈ దశలో, పోయిన వైన్ స్థానంలో కొంచెం చక్కెర కలిపిన వైన్ పోసి బిరడా వేస్తారు. షాంపేన్ పేర్లన్నీ ఈ చక్కెర కొలతను బట్టే వచ్చినవి. 19వ శతాబ్దంలో రష్యా ప్రభువుల కోసం పంపే సీసాలు పాయసమంత తీయగా ఉండేవి. ఆంగ్లేయులు తీపి తక్కువ కోరేవారు. 1874లో మదామ్ పొమ్మెరీ వారి కోసమే తీపి బాగా తగ్గించిన ‘బ్రూట్’ షాంపేన్‌ను విడుదల చేశారు. నేడు లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే బ్రూట్. ఏమీ కలపనిది, 3 గ్రాముల లోపుది ‘బ్రూట్ నేచర్’. విచిత్రమేమంటే ‘సెక్’, అంటే అక్షరాలా ‘పొడి’ అని రాసి ఉన్న సీసాలో లీటరుకు 17 నుండి 32 గ్రాముల చక్కెర ఉంటుంది. దాన్ని తాగితే తియ్యగానే ఉంటుంది. ఈ సంగతి తెలిసిన నాడు నా పాత తప్పు కొంత తేలికైనట్లు తోచింది. ఫ్రెంచివారు కూడా ఆ మాటను సరిగా వాడడం లేదు.

ఆమె చక్కెర కలపరు. “మంచి ఏడు ఐతే చక్కెర అనవసరం. చెడ్డ ఏడు ఐతే, ఆ ఏడును దాచడం నాకిష్టం లేదు” అంటూ రెండు గ్లాసులలో పోశారు. పోసేముందు గ్లాసులను ముతక తుండుగుడ్డతో తుడిచారు. గ్లాసు పూర్తిగా నున్నగా ఉంటే బుడగలు పుట్టవట. రాంస్ విశ్వవిద్యాలయంలో లిజే-బెలేర్ అనే భౌతికశాస్త్రవేత్త బుడగలను గూర్చే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. గాజుకు అంటిన నూలుపోగులలో చిక్కిన గాలి నుండి బుడగ మొలుస్తుందనీ, ఒక గ్లాసులో సుమారు పది లక్షల బుడగలు లేస్తాయనీ ఆయన తేల్చారు.

రుచి చూసేవారు ఉమ్మివేయడానికి ఒక బకెట్టు పక్కన ఉన్నది. గానుగ ఒక్కసారి నిండిన ఏటి పంటను బకెట్టులో ఉమ్మడానికి నాకు మనసు రాలేదు.

మొదట పచ్చి ఆపిల్ వాసన, దాని వెనుక బత్తాయి తొక్క గిల్లినప్పటి పొగరు. రొట్టె పెంకు వాసన ఇంకా లేతగా ఉన్నది. ఏడాదిన్నరే కదా సీసాలో ఉన్నది. నోటిలోకి తీసుకున్నాను. నురుగు జివ్వుమని విడిపోయి, దాని వెనుక పులుపు వచ్చింది. అది నిమ్మపులుపు కాదు, చింతపులుపు కాదు. దవడలు బిగిసేటట్లు, నాలుక అంచులను పట్టుకొని, చివరకు కొంచెం వగరుగా మారే పులుపు. చిన్నప్పుడు బలపం కొరికినప్పటి చప్పని చల్లదనం కూడా లీలగా తగిలింది. సుద్దనేల రుచే ద్రాక్షలోకి వచ్చిందనడానికి శాస్త్రం ఒప్పుకోదని చదివాను, ఐనా నా నాలుక ఒప్పుకున్నది. మింగిన తరువాత ఒక క్షణం ఏమీ లేదు. ఆ పిమ్మట నోరంతా మెల్లగా తియ్యబడింది.

“ఉసిరి!” అన్నాను, తెలుగులోనే.

ఆమెకు అర్థం కాలేదు. ఉసిరికాయను గూర్చి చెప్పాను. లేత ఆకుపచ్చగా, గోలీల వలె ఉంటుందనీ, కొరికితే పులుపూ వగరూ కలిసి ముఖం ముడుచుకుంటుందనీ, ఆ వెంటనే మంచినీళ్లు తాగితే ఆ నీళ్లు తియ్యగా ఉంటాయనీ, మేము బడికి పోతూ ఆ తీపి కోసమే ఆ పులుపు తినేవాళ్లమనీ. ఆమె గ్లాసు ఎత్తి మరొకసారి గుక్క తీసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. “అవును, తరువాత వస్తున్నది” అన్నారు. ఒక చిన్న పుస్తకం తీసి, నన్ను మళ్లీ పలకమని అడిగి, తన లిపిలో ఆ మాట రాసుకున్నారు. ఇరవై ఏళ్ల నా వృత్తిలో తెలుగు మాటను ఒకరికి అరువిచ్చిన సందర్భం అదే మొదటిది.

అది గొప్ప వైన్ అని నేను అనలేను. పలుచన, పొట్టి. మొదట ఇచ్చిన మేళవింపు అంతకన్న నిండుగా, నున్నగా ఉన్నది. బహుమతులిచ్చేవారు దానికే ఇస్తారు. ఆమె కూడా అదే మాట అన్నారు. కాని ఆ గ్లాసు అడుగంటే వరకు తాగాను.

పైకి వచ్చేసరికి వంటగదిలో బల్ల దగ్గర ఆమె తండ్రి కూర్చొని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, తెల్లని మీసాలు. కుడిచేయి బల్ల మీద తనంతట తాను కదులుతున్నది. కూతురు మిగిలిన వైన్ ఆయనకు ఒక టీకప్పులో పోసి ఇచ్చారు. సన్నని కాడ ఉన్న గ్లాసును ఆయన పట్టుకోలేరు. రెండు చేతులతో కప్పు ఎత్తి, ఒక గుక్క తాగి, ఏ ఏటిదని ఆయన అడగలేదు.

ఆయనకు ఫ్రెంచి తప్ప రాదు. నేను ఏమి చేస్తుంటానో కూతురు చెప్పినట్లున్నది, మా భాషలో ఈ వైన్‌ను ఏమంటారని అడిగించారు. అనువాదకుడికి ఒక అనువాదకురాలు కుదిరింది కాబట్టి ధైర్యం వచ్చి, నా పాత నవల సంగతి, ‘పొడి షాంపేన్’ సంగతి, విశ్రాంత ఉపాధ్యాయుని కార్డు సంగతి అన్నీ చెప్పాను. ఆమె వాక్యం వాక్యం ఆయనకు వినిపించారు.

ఆయన నవ్వలేదు. కప్పు బల్ల మీద పెట్టి, కిటికీలో నుండి తోటవైపు చూసి ఏదో అన్నారు. కూతురు పకపకా నవ్వి నాకు చెప్పారు: “2021 పొడి ఏమిటి, ఆ ఏడు వాన ఆగిందెప్పుడు? అంటున్నారు.”